వయొలిన్ పట్టుకున్న గంటలు పరిశోధన కిందకు రావా? సంగీత పరిశోధనను నడిపే అధికారులకు బహిరంగ లేఖ

సంగీతంలో పీహెచ్‌డీ చేయిస్తున్న విశ్వవిద్యాలయాల పెద్దలకు, పరిశోధన విభాగాల డీన్‌లకు, రిజిస్ట్రార్లకు నమస్కారం.

నేను విశాఖపట్నంలో ఉంటూ కర్ణాటక సంగీతంలో పరిశోధన చేస్తున్న విద్యార్థినిని. వయొలిన్ వాయిస్తాను. పీహెచ్‌డీలో ఇది నాలుగో ఏడాది. మా సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఇది ఆ ఒక్క ఆఫీసుకీ నాకూ మధ్య గొడవ అయిపోతుంది. వేరే ఊళ్లలో సంగీతంలోనే పరిశోధన చేస్తున్న నా స్నేహితులతో మాట్లాడితే వాళ్లవీ ఇవే బాధలు.

గత ఆగస్టులో ఏడుగురం సంతకాలు పెట్టి ఒక అర్జీ ఇచ్చాం. అక్టోబరులో ఇంకోటి, సంక్రాంతి సెలవుల తర్వాత మూడోది. మూడింటికీ అందినట్టు ఇన్‌వార్డ్ ముద్ర వేసి నంబరు ఇచ్చారు. అడగడానికి వెళ్లినప్పుడల్లా "ఫైలు పైకి వెళ్లిందమ్మా" అన్నారు. పై నుంచి ఇంతవరకు ఒక్క కాగితం రాలేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

విషయం ఒక్కటే. మా సాధననీ మా కచేరీలనీ మీరు పరిశోధనగా లెక్కవేయడం లేదు. ఉదయం పదింటికి వేలిముద్ర, సాయంత్రం ఐదింటికి వేలిముద్ర. ఈ మధ్యలో లైబ్రరీలో కూర్చుంటే పరిశోధన చేసినట్టు, వయొలిన్ తీస్తే "అది నీ సొంత ప్రాక్టీసు" అంటారు. ఐదున్నరకు సాధన గదికి తాళం పడుతుంది. కచేరీకి వెళ్తే సెలవు పెట్టాలి. సెలవులు అయిపోతే ఫెలోషిప్ ఉన్నవాళ్లకు బిల్లు ఆగుతుంది, లేనివాళ్లకు ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం ఆగుతుంది, దానితోపాటు హాస్టల్ రెన్యువల్ కూడా.

మేం ఏం చేస్తామో తెలియక ఈ రూల్ పెట్టారని నేను నమ్ముతున్నాను, అందుకే నా పని గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

నా పరిశోధన గమకాల మీద, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ, నొక్కుతూ పలికించే తీర్ల మీద. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి వెలువరించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగులో ఉన్న గ్రంథం. అందులో కృతులకు స్వరాలతోపాటు గమకాల గుర్తులు కూడా వేశారు. కంపితం, స్ఫురితం, నొక్కు, రవ, జారు, ఇలా. ఆ గమకాలు వీణ మీద ఎలా పలకాలో ఆయన చెప్పారు. వీణకు మెట్లుంటాయి, తీగను పక్కకు లాగి గమకం పలికిస్తారు. వయొలిన్‌కు మెట్లు లేవు, వేలు జరుపుతూనే పలికించాలి. మరి వీణకు చెప్పిన నొక్కు వయొలిన్ మీదకు వచ్చేసరికి ఏమైంది? వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి తర్వాత మన ఉత్తరాంధ్ర వైపు వాయించే తీరులో ఆ గమకాల్లో ఏవి నిలిచాయి, ఏవి జారిపోయాయి? ఇదీ నా ప్రశ్న. (సుబ్బరామ దీక్షితులు ఎవరో కాదు, కర్ణాటక సంగీతంలోకి వయొలిన్ తెచ్చారని చెప్పుకునే బాలస్వామి దీక్షితులకు కూతురి కొడుకు, దత్తపుత్రుడు. వీణా వయొలినూ ఒకే ఇంట్లో ఉన్నాయన్నమాట. నా ప్రశ్న అక్కడే పుట్టింది.)

దీనికి జవాబు లైబ్రరీలో దొరకదు. పాత రికార్డింగులు వినాలి. తోడి రాగంలో గాంధార స్వరం ఉన్న చోటు తీసుకుని కంప్యూటర్లో స్వరం ఎత్తును గీతగా గీసి చూపే ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెడితే, గాంధారం దగ్గర తిన్నటి గీత రాదు. కింది స్వరం రిషభం వైపు నుంచి పై స్వరం మధ్యమం వైపుకు ఊగుతూ కొండలూ లోయల్లాగా వస్తుంది. ఆ ఊపు ఎక్కడ మొదలైంది, వేలు ఎంత దూరం వెళ్లింది, కమాను ఎక్కడ తేలికైంది, ఇవన్నీ తేల్చాలంటే అదే ముక్క నేను వాయించి, రికార్డు చేసి, నా గీతను ఆ గీత పక్కన పెట్టి చూసుకోవాలి. ఒక్క నిమిషం రికార్డింగును స్వరాలూ గమకాలతో కాగితం మీదకు ఎక్కించడానికి నాకు రెండున్నర గంటలు పడుతుంది. అందులో సగం సేపు చేతిలో వయొలినే ఉంటుంది.

ఒక అనుభవం చెప్తాను. రెండో అధ్యాయంలో ఒక జారు ఒకే వేలితో పలుకుతుందని రాశాను. మా గైడ్ గారు కూడా చదివి సరే అన్నారు. ఆ తర్వాత శ్రీరామనవమి పందిట్లో ఒక గాయకుడికి పక్కవాద్యం వాయిస్తున్నాను. ఆయన ఆ జారు ఉన్న చోటునే ద్రుతంలో, అంటే వేగంగా, వేసేసరికి నా చెయ్యి దానంతట అదే రెండు వేళ్లు వాడేసింది. హాస్టల్‌కి వచ్చి నిదానంగా వాయించి చూశాను, పాత రికార్డింగు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పదిసార్లు విన్నాను. జారు మధ్యలో సన్నటి విరుపు, ఇన్నాళ్లూ నాకు పట్టుబడలేదు. ఎనిమిది పేజీలు తీసేసి మళ్లీ రాశాను. నా థీసిస్‌లో నాకు అన్నిటికంటే నమ్మకం ఉన్న పేజీలు ఇప్పుడవే. ఆ పందిటికి మధ్యాహ్నం మూడింటికి బయల్దేరినందుకు సగం రోజు సెలవు రాశారు.

ఇక రోజు ఎలా గడుస్తుందంటే, పొద్దున నాలుగున్నరకు లేస్తాను. గదిలో ఇంకో ఇద్దరు కెమిస్ట్రీ అమ్మాయిలు ఉంటారు, రాత్రి పొద్దుపోయేదాకా ల్యాబ్‌లో ఉండి వచ్చి పడుకుంటారు, వాళ్ల నిద్ర చెడగొట్టలేను. అందుకని డాబా మీదకు వెళ్లే మెట్ల దగ్గర చాప వేసుకుని కూర్చుంటాను. వయొలిన్ గుర్రం మీద రబ్బరు మ్యూట్ తగిలించి వాయిస్తాను. మ్యూట్ పెడితే శబ్దం తగ్గుతుంది నిజమే, దానితోపాటు గమకంలో ఉండే సన్నటి అంచులు కూడా పోతాయి. నేను థీసిస్ రాస్తున్నదే ఆ అంచుల గురించి. పైగా విశాఖ సముద్రపు గాలి. ఇక్కడ వాయించేవాళ్లందరికీ తెలుసు, ఈ చెమ్మకు కమాను వెంట్రుకలు సాగిపోతాయి, కమానుకు రాసే రోజిన్ జిగురెక్కుతుంది, తీగలు బిగించే బిరడాలు ఉబ్బి ఒక్కోసారి తిరగనే తిరగవు. అరగంటకోసారి శ్రుతి సరిచేసుకుంటూ ఆరున్నర దాకా వాయిస్తాను. సాధన గదిలో ఏసీ ఉంది, తలుపులు మూస్తే శబ్దం బయటకు రాదు. ఆ గది పది దాకా తెరవరు.

పది నుంచి ఐదు దాకా డిపార్ట్‌మెంట్. సాయంత్రం ఎంవీపీ కాలనీలో ఇద్దరు పిల్లలకు, మద్దిలపాలెంలో ముగ్గురికి వయొలిన్ చెప్తాను. నాకు జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) లేదు. ఉన్నవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు వస్తోంది, మా ఏడుగురిలో అది ఇద్దరికే ఉంది. మిగతా అయిదుగురం ట్యూషన్ల మీద, కచేరీల మీద వచ్చే డబ్బుతో నెట్టుకొస్తున్నాం. నాన్న గాజువాకలో ఒక ఫర్నిచర్ షాపులో పని చేస్తారు, నన్ను ఇంతవరకు చదివించడమే ఆయనకు ఎక్కువ, ఇంకా అడగలేను. ఎనిమిదిన్నరకు హాస్టల్‌కి వచ్చి తిని, రాత్రి పన్నెండు దాకా రాసుకుంటాను. కష్టపడటం గురించి నాకు ఫిర్యాదు లేదు. కానీ ఇన్ని గంటల్లో వాయించిన గంటలు ఏవీ మీ లెక్కలోకి రావడం లేదు.

దీనివల్ల జరుగుతున్న నష్టం మా ఏడుగురిది మాత్రమే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదేమో.

1. పెద్దవాళ్ల దగ్గరున్న పాఠాంతరం (గురువు నుంచి శిష్యుడికి వచ్చిన తీరు) పోతోంది.

విజయనగరంలో సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వారు అక్కడే వయొలిన్ ఆచార్యులుగా చేరి 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ ఊళ్లో ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఆ బాణీ తెలిసిన పెద్దవాళ్లు ఉన్నారు. అలాంటి ఒక పెద్దాయన దగ్గరకు ఒక ఆదివారం వెళ్లాను. 86 ఏళ్లు. గైడ్ గారు ఓకే చేసిన 22 ప్రశ్నల కాగితం చేతిలో ఉంది. రెండు గంటలు అడిగాను. "అంతేనమ్మా", "అలాగే వాయించేవాళ్లం", "మా గురువుగారు అలాగే చెప్పారు", ఇంతకు మించి ఏమీ రాలేదు. ఇక లేద్దామనుకుంటూ ఆఖర్న వయొలిన్ తీసి, తోడి నాలుగు ఆవర్తాలు (తాళం నాలుగు చుట్లు) వాయించాను. ఆయన కుర్చీలో ముందుకు వచ్చి కూర్చున్నారు. "ఏటమ్మా, అక్కడ అలా తుడిచేస్తన్నావు? నొక్కాలి" అని లేచి వచ్చి, నా పక్కన కింద కూర్చుని, తన వేలు నా వేలి మీద పెట్టి నొక్కారు. చెయ్యి వణుకుతూనే ఉంది, ఆ నొక్కు మాత్రం సరిగ్గా ఎక్కడ పడాలో అక్కడ పడింది. నలభై నిమిషాలు అలా నేర్పించారు. ఫోన్లో రికార్డు చేశాను. "ఆదివారం పిల్లలు ఇంట్లో ఉంటారు, గోల. మామూలు రోజున పొద్దున్నే రా, ఇంకో ఏడు రాగాలు చూపిస్తాను. మధ్యాహ్నమైతే నాకు ఓపికుండదు" అన్నారు.

మామూలు రోజున పొద్దున్నే విజయనగరం వెళ్లాలంటే నాకు అనుమతి కావాలి. గైడ్ గారు అదే రోజు సంతకం పెట్టారు. తర్వాత విభాగం, తర్వాత పరిశోధన సెక్షన్. మీరు వెళ్తున్న సంస్థ నుంచి లెటర్‌హెడ్ మీద ఆహ్వానం తెమ్మన్నారు. ఆయన ఇంట్లో ఉండే మనిషి, లెటర్‌హెడ్ ఎక్కడ నుంచి తెస్తారు? అది రాసి ఇచ్చాను, ఇంకో వివరణ అడిగారు. 41 రోజులకు అనుమతి వచ్చింది. ఫోన్ చేస్తే వాళ్ల అబ్బాయి ఎత్తారు. పెద్దకర్మ కూడా అయిపోయింది.

అయినా వెళ్లాను. టీ ఇచ్చారు, నాన్నగారి వయొలిన్ పెట్టె తెరిచి చూపించారు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర అడిగారు, "అమ్మా, ఆ రోజు మీరేదో రికార్డు చేశారట కదా, అది మాకు పంపిస్తారా? నాన్న గొంతుగానీ వాయిద్యంగానీ మా దగ్గర ఏమీ లేదు" అని. ఆ నలభై నిమిషాలు పంపించాను. మిగిలిన ఏడు రాగాలు ఎవరూ పంపించలేరు.

ప్రశ్నల కాగితానికి రాని జవాబు వయొలిన్‌కు వచ్చింది. నా చేతిలో సాధన లేకపోతే ఆయన ఆ కుర్చీలోంచి లేచేవారే కాదు. సాధన నా సొంత పని అని మళ్లీ అనే ముందు దయచేసి ఈ ఒక్క సంగతి ఆలోచించండి.

2. ఊళ్లో మామూలు కుటుంబాలకు పక్కవాద్యం దొరకడం లేదు.

కళాభారతి లాంటి వేదికలున్న ఊరు ఇది. పెద్ద సభల సంగతి పక్కన పెట్టండి, వాళ్లు ఎక్కడి నుంచైనా పిలిపించుకోగలరు. కూతురికి అరంగేట్రం చేయించే తల్లిదండ్రులు, గుడిలో ఉత్సవాలప్పుడు సాయంత్రం పాట కచేరీ పెట్టే కమిటీవాళ్లు, వీళ్లు పిలిచేది మాలాంటి వాళ్లనే. కచేరీ ఆరింటికి అంటే నాలుగున్నరకల్లా అక్కడుండాలి, మైకులు చూసుకోవాలి, శ్రుతి కలుపుకోవాలి. ఐదింటి వేలిముద్ర వల్ల రాలేనని చెప్తే వాళ్లు వేరే ఊరి నుంచి మనిషిని రప్పించాలి, ప్రయాణం ఖర్చూ బస ఖర్చూ మీద పడతాయి. మొన్న ఒక అమ్మాయి అరంగేట్రానికి ముందు రోజు నేను మానుకోవాల్సి వచ్చింది, అరంగేట్రం రోజుకే మా సెమిస్టర్ రివ్యూ వేశారు కాబట్టి. వాళ్లమ్మ ఫోన్లో ఏమీ అనలేదు, "సరే అమ్మా" అన్నారు అంతే. చివరికి వయొలిన్ లేకుండానే చేశారట.

3. నేర్చుకునే పిల్లలు.

హాజరు లోటు పూడ్చుకోవడానికి శనివారాలు కూడా డిపార్ట్‌మెంట్‌లో కూర్చోవాల్సి వచ్చినప్పుడు ట్యూషన్లు మానేయాల్సి వస్తోంది. నా దగ్గర నేర్చుకునే ఒక బాబు వాళ్ల నాన్న ఆటో నడుపుతారు, నెలకు 800 ఇస్తారు. ఇంకో టీచర్ దగ్గర చేర్పించే స్తోమత వాళ్లకు లేదు. మొదటి పాఠాలైన సరళీ స్వరాలు అయ్యి జంట స్వరాల్లోకి వచ్చిన పిల్లాడు రెండు నెలలు ఆగితే మళ్లీ వయొలిన్ పట్టుకోవడం కష్టం.

4. ఒళ్లు.

గది దొరికే ఆ కాస్త సేపట్లోనే రోజు సాధనంతా కుక్కాలని ఆగకుండా వాయించి, మాలో ఇద్దరికి భుజం నొప్పులు వచ్చాయి. ఒకరు ఫిజియోథెరపీకి తిరుగుతున్నారు. వాయించేవాళ్లకు చెయ్యి పోతే చదువుతోపాటు బతుకుతెరువు కూడా పోతుంది.

మీ వైపు నుంచి వచ్చే మాట కూడా నాకు తెలుసు. సాధనకు హాజరు ఇస్తే నిజంగా చేశారో లేదో ఎవరు చూస్తారు, కచేరీ పేరు చెప్పి ఊళ్లు తిరిగితే ఎలా అని. న్యాయమైన ప్రశ్నే. కెమిస్ట్రీ ల్యాబ్‌లో ప్రయోగం చేశారో లేదో ఎలా తెలుస్తోంది? నోట్‌బుక్ చూసి గైడ్ సంతకం పెడుతున్నారు. మాకూ అలాంటి పుస్తకం పెట్టండి. ఈ రోజు ఏ రాగం, ఏ కృతి, ఏ గమకం, ఎంతసేపు, ఏం గమనించాం, అన్నీ రాసి తారీఖుతో రికార్డింగు జత చేస్తాం. వేలిముద్ర కంటే అది గట్టి సాక్ష్యం. వేలిముద్ర మనిషి వచ్చినట్టు చెప్తుంది, పని జరిగినట్టు చెప్పదు.

ఇంకో మాట. విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2018 నిబంధనల్లోనే సంగీతంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి రెండో దారి ఒకటి ఉంది. ఆకాశవాణి, దూరదర్శన్ 'ఎ' గ్రేడు ఉన్న కళాకారుల్ని అందులో లెక్కలోకి తీసుకున్నారు. అంటే పాఠం చెప్పడానికి వచ్చేటప్పుడు వాయించే విద్యకు విలువ ఉంది. అదే మనిషి విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ విద్యను సంపాదించుకునే గంటలకు విలువ లేదు. ఈ తేడా ఎందుకో మాకు చెప్పండి. అలాగే 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ఆరేళ్లలో పూర్తి చేయాలి, ఆడవాళ్లకు ఇంకో రెండేళ్లు ఇవ్వవచ్చు. అనుమతుల కోసం 41 రోజులు, గది కోసం సగం రోజు పోతుంటే ఆ ఆరేళ్లు ఎలా సరిపోతాయి? ఆడపిల్లల సంగతి అయితే, ఇంట్లో ప్రతి ఏడాదీ "ఇంకెన్నాళ్లు" అని అడుగుతుంటారు. ఒక్క సెమిస్టర్ పెరిగినా చదువు మానిపించేవాళ్లున్నారు. మా సీనియర్ ఒకరు అలాగే వెళ్లిపోయారు.

మేం అడుగుతున్నవి ఇవి:

1. వారానికి 15 గంటల సాధనను, గైడ్ సంతకం చేసిన పుస్తకం ఆధారంగా, పరిశోధన హాజరుగా లెక్కించాలి.

2. సాధన గదిని ఉదయం ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచాలి. తాళం కోసం రిజిస్టర్ పెట్టండి, సంతకం పెట్టి తీసుకుంటాం. కరెంటు ఖర్చు సమస్య అయితే ఏసీ వేసుకోం, గది చాలు. రాత్రిపూట ఆ దారిలో లైట్లు మాత్రం వెలగాలి.

3. ఆహ్వానం, రికార్డింగు చూపించిన కచేరీలకు ఏడాదికి 15 రోజులు డ్యూటీ లీవ్ ఇవ్వాలి. ఇందులో గుడి కచేరీలు, అరంగేట్రాలు కూడా ఉండాలి, పెద్ద సభలు మాత్రమే కాదు.

4. పెద్దల దగ్గరకు వెళ్లి రికార్డు చేసుకోవడానికి గైడ్ అనుమతి ఒక్కటే సరిపోవాలి. పై ఆఫీసుకు సమాచారం ఇస్తాం. అభ్యంతరం ఉంటే మూడు పనిదినాల్లో చెప్పండి, చెప్పకపోతే అనుమతి ఉన్నట్టే. 80 దాటినవాళ్ల విషయంలో ఒక్క రోజు ఆలస్యం కూడా ఆలస్యమే. లెటర్‌హెడ్ అడగడం ఆపేయండి.

5. సెమిస్టర్ రివ్యూ తేదీలు నెల ముందు ప్రకటించాలి. త్యాగరాజ ఆరాధన జరిగే పుష్య బహుళ పంచమి ఎప్పుడొస్తుందో పంచాంగంలో ముందే ఉంటుంది. ఆ రోజున సంగీతం విద్యార్థులకు రివ్యూ పెట్టకండి. గత రెండేళ్లూ అదే జరిగింది.

6. థీసిస్‌తోపాటు రికార్డింగులు కూడా తీసుకోవాలి, పరీక్షకులు వాటిని వినాలి. నేను నొక్కు గురించి 40 పేజీలు రాసినా, ఒక్కసారి వింటే తెలిసేది ఆ 40 పేజీల్లో తెలియదు.

7. ఇప్పటిదాకా కచేరీల వల్ల, ఫీల్డ్ పని వల్ల వచ్చిన హాజరు లోటును మాఫీ చేసి, ఆగిపోయిన ఇద్దరి ఫెలోషిప్ బిల్లులు విడుదల చేయాలి.

వీటిలో కొత్త పోస్టులు కావాల్సినవి లేవు, పెద్ద బడ్జెట్ కావాల్సినవి లేవు. ఎక్కువభాగం ఒక్క సర్క్యులర్‌తో అయిపోయేవే. పదిహేను రోజుల్లో మమ్మల్ని పిలిచి మాట్లాడండి. ఏడుగురం వస్తాం, సాధన పుస్తకం నమూనా కూడా తయారుచేసి తెస్తాం. ఏది కుదురుతుంది, ఏది కుదరదు అన్నది కాగితం మీద చెప్పండి. కుదరదంటే ఎందుకో కూడా రాయండి.

బొబ్బిలిలో ఒక పెద్దావిడ ఉన్నారు, 81 ఏళ్లు, వీణ వాయిస్తారు. 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో గుర్తు వేసి ఉన్నట్టుగానే నొక్కు వాయించి చూపిస్తానన్నారు, వయొలిన్ కూడా తెచ్చుకో, పక్కపక్కన కూర్చుని వాయిద్దాం అన్నారు. వచ్చే నెల మొదటి వారంలో, పొద్దున ఎనిమిదింటికి రమ్మన్నారు. అనుమతి కోసం అర్జీ పోయిన సోమవారమే ఇచ్చాను, ఇన్‌వార్డ్ ముద్ర పడింది. దాని మీద ఈ వారంలో సంతకం కావాలి.

ఇట్లు,
ఒక సంగీత పరిశోధక విద్యార్థిని,
విశాఖపట్నం